మా చిన్నమ్మను పొగరన్నారు

మా చిన్నమ్మ పోయిందని నాకు ఎవరూ నోటితో చెప్పలేదు.

ఆ రోజు పొద్దున మార్కాపురంలో నేను పనిచేసే బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు గదుల్లోకి పోతున్నారు. గిద్దలూరు నుంచి మా చిన్నాయన ఫోను. ఫోనెత్తితే "బాగుండావా పాపా" అని మొదలుపెట్టి, వానలు, బోర్లలో నీళ్లు, ఎవరింట్లో పెళ్లి, అన్నీ చెప్పి, మనం పెట్టేస్తామని రెండుమార్లు అంటే గాని ఆపే మనిషి కాదు. ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. "చిన్నాయనా" అన్నాను. ఊపిరి వినపడతా ఉంది. వెనకాల ఆడవాళ్ల ఏడుపు. "చిన్నాయనా, చిన్నమ్మకు ఏమైంది?" అన్నాను. ఆయన ఫోను పెట్టేసినాడు. నేను చేతిలో ఉన్న హాజరు పుస్తకం పక్క టీచరుకు ఇచ్చి బస్టాండుకు పోయినాను.

పొద్దున స్నానం చేసి, కుట్టుమిషను ముందు కూర్చోబోతా పక్కకు ఒరిగిందంట. మెదడులో నరం తెగిందన్నారు. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. యాభై రెండేళ్లు.

నేను పోయేసరికి ఇంటి ముందు షామియానా వేసినారు. ఆమెను అట్ల పడుకోబెట్టి చుట్టూ అంతమంది కూర్చుంటే నాకు మొదట తోచింది ఏడుపు కాదు. పాపం, ఇంతమంది మధ్యలో ఎట్ల ఓర్చుకుంటా ఉందో అని తోచింది. బతికినన్నాళ్లు నలుగురు కూడిన చోట నిలబడలేక వంటింట్లోకి పోయిన మనిషి.

నా వెనక ఇద్దరు ఆడవాళ్లు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఆ వీధివాళ్లే. "మంచిదే గాని పొగరమ్మా. ఇన్నేళ్లు ఎదురుబొదురు ఉన్నాం, ఒక్కనాడన్నా వచ్చి కూర్చో అని అనిందా?" అంటోంది ఒకామె. తిరిగి చూసినాను. ఆమె తొడుక్కున్న జాకెట్టు మా చిన్నమ్మ కుట్టిందే. మెడ దగ్గర ఆ సన్నటి కుట్టు నేను ఎక్కడున్నా గుర్తుపడతా.

ఆ మాటకు అప్పుడు జవాబు చెప్పలేకపోయినాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మకు చిన్నమ్మ చెల్లెలు. వాళ్లది కొనకనమిట్ల దగ్గర పల్లె. వాన పడితే కంది, సజ్జ, పడకపోతే మేకలు. చిన్నప్పుడు సెలవులకు పోతే నన్ను చంకన వేసుకుని తిప్పింది ఆమెనే. నాతో ఎంత మాట్లాడేదో! మేకపిల్లలకు పేర్లు పెట్టి, వాటికీ వాటికీ జరిగే తగాదాలు గొంతు మార్చి చెప్పేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. అంతలో వాకిట్లో ఎవరన్నా దగ్గితే చాలు, ఆమె నోరు మూతపడేది. చెంబు నిండా నీళ్లు నా చేతికిచ్చి, "పాపా, నువ్వు పోయి ఇచ్చిరా" అనేది. దుకాణానికి పోవాలన్నా నన్ను తోడు తీసుకుపోయేది. బెల్లం, చింతపండు అని నేను అడగాలి. ఆమె నా వెనక నిలబడి నా భుజం పట్టుకునేది. ఆ చెయ్యి తడిగా ఉండేది. అప్పుడు నాకు ఐదారేళ్లు. పెద్దవాళ్లందరి చేతులూ అట్లే ఉంటాయనుకున్నాను.

పది దాకా చదివింది. తెలివైందే. ఇంటర్లో చేరిన కొత్తలో పంతులు లేపి పద్యం చదవమంటే, నోటికి వచ్చిన పద్యమే, నిలబడి కళ్లు తిరిగి పడిపోయిందంట. పిల్లలు నవ్వినారు. ఆమె మళ్లీ కాలేజీ గడప తొక్కలేదు. మా తాత "పోనీలే, ఆడపిల్లకు సిగ్గుండాల్సిందే" అన్నాడు. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

పెళ్లిచూపులకు గిద్దలూరు నుంచి వచ్చినారు. చిన్నమ్మ తల వంచుకుని కూర్చుంది. ఏమడిగినా జవాబు లేదు. పెళ్లికొడుకు తల్లి ఆమె గడ్డం పట్టుకుని, "ఇట్లాంటి పిల్ల ఈ కాలంలో యాడ దొరుకుతుంది? నోట్లో నాలుక లేని పిల్ల" అని మురిసిపోయింది. సంబంధం ఖాయమైంది.

ఏడాది తిరక్కముందే అదే అత్త, అదే నోటితో, వీధిలో నిలబడి అన్న మాట కూడా అదే. "ఏం తెచ్చుకున్నానమ్మా, నోట్లో నాలుక లేనిదాన్ని!" మొదట మెచ్చుకోలు, తర్వాత తిట్టు. మా చిన్నమ్మ మాత్రం మొదటి రోజు ఎట్ల ఉందో ఏడాది తర్వాతా అట్లే ఉంది.

నేను దీని గురించి చాలాసార్లు ఆలోచించినాను. పెళ్లికాని ఆడపిల్ల బెదిరిపోయి మాట్లాడకపోతే అణకువ అంటాం. పెళ్లయినామె అట్లే ఉంటే పొగరు అంటాం. మగవాడైతే చేతకానివాడంటాం. లోపల ఆ మనిషి గుండె ఎట్ల కొట్టుకుంటా ఉందో చూసే ఓపిక మనకు లేదు.

మా చిన్నాయన బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కు. కొమరోలు పక్క పల్లెల్లో ఆయన తెలియని రైతు లేడు. పది మంది లేకపోతే ఆయనకు అన్నం దిగదు. పెళ్లయిన కొత్తలో సాయంత్రమైతే నలుగురు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చేవాడు. "మా ఇంటామె చేతి టీ తాగండి" అని. టీ వచ్చేది. తెచ్చేది మాత్రం అత్త. చిన్నమ్మ వంటింటి తలుపు వెనక నిలబడి ఉండేది. స్నేహితులు ఒకరి మొకాలు ఒకరు చూసుకునేవాళ్లు. కొన్నాళ్లకు రావడం మానుకున్నారు. వాళ్లలో ఒకడు అన్నాడంట, "నువ్వేం అనుకోవద్దు గాని, ఆమె మనసులో ఇంకెవరో ఉండారు. లేకుంటే కొత్త పెళ్లికూతురు అట్ల ఉంటుందా?"

ఆ మాట ముల్లులాగా దిగబడింది. చిన్నాయన ఎదురుగా కూర్చుని అడిగేవాడు, "నేనంటే నీకు ఇష్టమేనా?" అని. ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూసి, జవాబు కోసం కాచుకుని ఉండే మనిషి ముందు ఆమెకు గొంతు పెగిలేది కాదు. ఆయనకది జవాబుగానే వినిపించేది. అత్త ఒకసారి తాయెత్తు కట్టించింది. కడుపు పండితే అన్నీ సర్దుకుంటాయన్నారు ఇంకొకరు. కడుపూ పండలేదు, ఏదీ సర్దుకోలేదు.

ఒకరోజు చిన్నాయన ఆమెను పుట్టింట్లో దించి, అప్పుడు అక్కడే ఉన్న మా అమ్మతో అన్నాడు. "వదినా, ఆమెను నేను ఒక్క మాట అనలేదు, ఒక్క దెబ్బ కొట్టలేదు. ఇష్టం లేని మనిషిని ఇంట్లో పెట్టుకుని నేను పాపం మూటగట్టుకోలేను. మీరు బలవంతంగా పెళ్లి చేసినట్టుండారు."

మూడు నెలలు అక్కడే ఉండిపోయింది. తర్వాత పెద్దమనుషులు కూర్చున్నారు. అటు నలుగురు, ఇటు నలుగురు. చిన్నమ్మను తెచ్చి మధ్యలో నిలబెట్టినారు. "అమ్మా, భయపడాకు. ఆయనతో కాపురం ఇష్టమా కాదా? ఒక్క మాట చెప్పు చాలు" అన్నాడు ఒక పెద్దాయన. మంచి మనసుతోనే అడిగినాడు. ఎనిమిది మంది, పదహారు కళ్లు. మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది, దాని పెదవులు ఆడినాయి, శబ్దం రాలేదు అని. చిన్నమ్మ జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది. కొంతసేపు చూసి పెద్దాయన లేచినాడు. "ఇంకేముంది, ఆమె మౌనమే చెబుతా ఉంది. ఎవరి దారి వాళ్లది" అన్నాడు.

అట్ల ఒక కాపురం తెగిపోవాల్సింది. గిద్దలూరులో ఆమె బట్టలు, పుట్టింటివాళ్లు పెట్టిన సామాను ఉన్నాయి. ఏవి ఎవరివో ఆమెకే తెలుసు కాబట్టి ఆమే పోయి సర్ది తెచ్చుకోవాలన్నారు. ఆ పూటే చిన్నాయన తన బండి మీద తీసుకుపోయినాడు.

తర్వాత జరిగింది చిన్నాయన చెప్పిందే. ఎన్నిసార్లు చెప్పినాడో లెక్కలేదు.

మార్కాపురం దాటేదాకా ఇద్దరికీ మాటల్లేవు. కంభం దాటినాక, కుడిపక్క కొండలు దగ్గరైనాక, వెనక నుంచి ఏదో వినిపించింది. గాలేమో అనుకున్నాడు. మళ్లీ వినిపించింది.

"నాకు ఇష్టమే."

ఆయన బ్రేకు మీద కాలేసినాడు. వెంటనే ఆమె చెయ్యి వచ్చి భుజం మీద పడింది.

"బండి ఆపమాకు. ఆపితే మాట్లాడలేను."

ఆయన ఆపలేదు. ఆమె మాట్లాడింది. మొకం కనపడని ఆ వీపుకు చెప్పుకుంది. టీ గ్లాసులు పట్టుకుంటే చేతులు వణుకుతాయని, ఒలికిపోతే అందరూ చూస్తారని అత్తకు ఇచ్చేదాన్నని చెప్పింది. సాయంత్రం బండి చప్పుడు వీధి మొదట్లో వినపడితేనే గుర్తుపడతానని, ఆ చప్పుడు కోసమే కాచుకుని ఉంటానని చెప్పింది. ఇష్టమా అని అడిగినప్పుడల్లా లోపల అవును అవును అని అంటానే ఉంటానని, నాలుక మాత్రం రాయిలాగా అయిపోతుందని చెప్పింది. పొద్దున ఎనిమిది మందిలో కూడా అదే చెప్పబోయినానని చెప్పింది. మూడు నెలలు పుట్టింట్లో ఎవరికీ కనపడకుండా ఏడ్చినానని చెప్పింది.

"గిద్దలూరు వచ్చింది పాపా" అనేవాడు చిన్నాయన. "మా వీధి మలుపు వచ్చింది. ఆపితే ఈమె మళ్లీ ఆగిపోతుందే అని భయం పట్టుకుంది. ఆపలేదు. అట్లనే కొమరోలు దాకా పోయినా. పెట్రోలు అయిపోతే గాని నిలబడలా."

ఆమె సామాను సర్దడానికి వచ్చి ముప్పై ఏళ్లు ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

నేను ఇంటర్ చదవడానికి వాళ్లింట్లో రెండేళ్లు ఉన్నాను. వాళ్లకు పిల్లలు లేరు. వారంలో రెండుమూడు సాయంత్రాలు ఇద్దరూ బండెక్కి కొమరోలు దారిలో పోయి వచ్చేవాళ్లు. ఊళ్లో పని ఉండి కాదు. వీధివాళ్లు నవ్వేవాళ్లు, "పెళ్లయి ఇన్నేళ్లయింది, ఇంకా షికార్లేంది" అని. చిన్నాయన కూడా నవ్వి, "మా ఇంటామెతో మాట్లాడాలంటే బండికి పెట్రోలు పోయాల్సిందే అక్కా" అనేవాడు. ఆయన తమాషాకు అంటున్నాడని వాళ్లనుకునేవాళ్లు.

నాకు ఇంట్లో తెలిసిన కిటుకు ఇంకొకటి. మిషను తొక్కుతా, వీపు నా పక్కకు పెట్టినప్పుడు ఆమె బాగా మాట్లాడేది. నేను వెనక గోడకు ఆనుకుని చదువుకుంటా ఉంటే, మిషను చప్పుడులో మాట కలిపి వదిలేది. "మనుషులంటే భయం గాని మనుషులంటే అయిష్టం లేదు పాపా. భయం వేరు, అయిష్టం వేరు. చూసేవాళ్లకు రెండూ ఒక్కలాగే కనపడతాయి." ఇంకోసారి, "మాట్లాడేవాళ్లకు ఒక్కసారి మాట్లాడితే అయిపోతుంది. నేను ముందు పదిసార్లు మాట్లాడతా, తర్వాత పదిసార్లు మాట్లాడతా. మధ్యలో మాట్లాడాల్సిన ఒక్కసారే రాదు." ఇది చెప్పి తనే నవ్వింది.

జాకెట్లు కుట్టించుకోను వచ్చేవాళ్లు ఆది జాకెట్టు ఇచ్చి పోయేవాళ్లు. ఏది ఎవరిదో, ఎవరికి భుజం కాస్త వాలుగా ఉంటుందో, ఎవరికి కాన్పయినాక కొలతలు మారినాయో, ఆది చూడకుండానే చెప్పేది. ఎదురింటామె కూతురికి పెళ్లి కుదిరితే, అడగకుండానే జాకెట్టు చేతులకు పూలు కుట్టి పంపింది. ఎదురింటామె దుకాణంలో కుట్టించినంత బాగుందని వీధంతా చూపించింది. వచ్చి కూర్చోమని పిలవడం మాత్రం చిన్నమ్మకు చేతకాలేదు. ఎదురింటామెకు గుర్తున్నది అదే.

ఆమెకు స్నేహితులు లేరనేవాళ్లు. అది అబద్ధం. ఒకామె ఉంది. ఊరి చివర గొర్రెలు కాసుకునే ఇంటామె. మాకు ఆమె గొర్రెలక్క. మొదట జాకెట్టు కుట్టించుకోను వచ్చింది. తర్వాత ఊరికే వచ్చేది. వచ్చి గడపలో కూర్చునేది. చిన్నమ్మ మిషను తొక్కేది. గొర్రెలక్క వక్క నములుతా వీధి చూసేది. గంట, గంటన్నర. లేచి "వస్తా" అని పోయేది. నేను ఒకసారి ఉండబట్టలేక అడిగినాను, "అక్కా, మీరిద్దరూ ఏమీ మాట్లాడుకోరు, ఎందుకొస్తావు?" అని. ఆమె నన్ను వింతగా చూసింది. "మాట్లాడితేనే తోడా? దినమంతా గొర్రెలతో ఉంటా, అవి మాట్లాడతాయా? తోడు లేదంటావా?"

ఆమె మొగుడు పాముకాటుకు పోయినప్పుడు ఊరంతా పోయి పలకరించింది. దేవుడు అన్యాయం చేసినాడన్నారు, గుండె రాయి చేసుకో అన్నారు, పిల్లల మొకం చూసుకో అన్నారు. మూడోరోజుకు అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడినారు. చిన్నమ్మ మాత్రం పదకొండు రోజులూ పోయింది. ఆ ఇంట్లో జనం ఉన్నంతసేపు వెనక పొయ్యి దగ్గర ఉండి, జనం పోయినాక గొర్రెలక్క పక్కన కూర్చునేది. ఏం చెప్పిందని నేను అడిగితే చిన్నమ్మ చెయ్యి తిప్పింది, ఏమీ చెప్పలేదని. గొర్రెలక్క తర్వాతెప్పుడో మా అమ్మతో అంది, "మాటలొచ్చినోళ్లంతా నాలుగు మాటలు చెప్పి పోయినారు. మాటలు రానిది మిగిలింది."

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. చెప్పకపోతే ఇదంతా రాసినా దండగే.

ఇంటర్ రెండో ఏడు నా హాజరు తగ్గిందని కాలేజీలో ఇంటి పెద్దలను పిలుచుకుని రమ్మన్నారు. చిన్నాయన వెలిగండ్ల పక్క పనికి పోయి రెండు రోజులు రాడు. "నేను వస్తా" అంది చిన్నమ్మ. నేను వద్దంటే వినలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ప్రిన్సిపాలు గదిలో లెక్చరర్లు ఐదారుమంది ఉన్నారు. ఆమె గడప దాటి రెండడుగులు వేసింది. "చెప్పండమ్మా, పాపకు మీరేమవుతారు?" అన్నాడు ప్రిన్సిపాలు. చిన్నమ్మ మొకం తెల్లబోయింది. చీర కొంగు రెండు చేతుల్లో నలిపేస్తా ఉంది. ఎవరో కుర్చీ చూపించినారు. ఆమె ఒక్కసారిగా వెనక్కు తిరిగి బయటికి పోయింది.

నేను వరండాలోకి వచ్చినాను. నాతో చదివే అమ్మాయిలు నలుగురు నిలబడి ఉన్నారు. "ఎవరే ఆమె? అట్ల పరిగెత్తిందేంది?" అన్నారు నవ్వుతా. నాకు తల కొట్టేసినట్టయింది.

"మా ఇంట్లో పనిచేసే ఆమెలే" అన్నాను.

మూడడుగుల దూరంలో, స్తంభం అవతల, ఊపిరి అందక నిలబడి ఉంది చిన్నమ్మ. నేను చూసినాను. ఆమె కూడా చూసింది. మెట్లు దిగి పోయింది.

సాయంత్రం ఇంటికి పోవడానికి కాళ్లు రాలేదు. పోయినాను. అన్నం పెట్టింది, ఎప్పటిలాగే పెరుగు మీద మీగడ నాకే వేసింది. ఆమె పోయి మిషను ముందు కూర్చుంది, వీపు నా పక్కకు పెట్టి. చాలాసేపు చప్పుడే. తర్వాత అంది.

"పొద్దున వంట చేసేటప్పటి నుంచి నేర్చుకున్నా పాపా, అక్కడేం చెప్పాలో. దారి పొడుగునా అనుకుంటానే వచ్చినా. గడప దగ్గర అంతా తుడిచిపెట్టుకు పోయింది."

"చిన్నమ్మా, నేను అన్న మాట..."

"నీదేం తప్పు లేదులే. నీ వయసులో నాకూ సిగ్గే. నాకు నేనంటేనే సిగ్గు." మిషను ఆగింది. వెనక్కు తిరగలేదు. "రేపు మళ్లీ పోదాం."

వద్దని కాళ్లు పట్టుకున్నంత పని చేసినాను. ఆమె వినలేదు. మర్నాడు అదే చీర కట్టుకుని వచ్చింది. అదే గది, అదే మనుషులు. నా వేళ్లు నొప్పి పుట్టేలాగా పట్టుకుంది. చెమట కారతా ఉంది. ప్రిన్సిపాలు కూడా ఈసారి ఏమీ అడగకుండా తల వంచుకుని కాగితాలు చూసుకుంటున్నాడు. అది ఆయన మంచితనమో, మా అదృష్టమో తెలియదు.

"నేను... ఈ పిల్ల చిన్నమ్మను" అంది.

అంతే అంది. హాజరు గురించి ఏమీ అనలేదు. చెప్పడానికి వచ్చిందే ఆ ఒక్క మాట. తలుపు దగ్గర నిన్నటి అమ్మాయిలు ఉన్నారు. వాళ్లూ విన్నారు. ఇన్నేళ్లలో నాకోసం ఎవరు ఏం చేసినా ఆ నాలుగు మాటలంత కష్టపడి చేసినవాళ్లు లేరు.

తర్వాత నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, మార్కాపురంలో స్థిరపడినాను. నా తరగతిలో ఒక పాప ఉండేది. అన్నీ రాసేది, లేపితే వణికేది. తోటి టీచర్లు మొండిదన్నారు. నాకు ఆ చేతులు చూస్తే అర్థమైంది. ఆ పాపను తీసుకుని తల్లిదండ్రులతో పాటు ఒంగోలులో మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి పోయినాను. ఆయన చెప్పింది వింటా ఉంటే, పాపను గురించి కాదు, మా చిన్నమ్మను గురించి చెబుతున్నట్టుంది. ఆ వేసవిలోనే చిన్నమ్మను, చిన్నాయనను పిలుచుకుపోయినాను.

డాక్టరు ఏమడిగినా చిన్నాయనే జవాబు చెబుతున్నాడు. "ఆమెకు చెమటలు పడతాయి సార్. ఆమెకు నలుగురిలో అన్నం సయించదు సార్." కాసేపు విని డాక్టరు, "అయ్యా, మీరు చాలా బాగా చెబుతున్నారు. కాసేపు బయట కూర్చోండి" అన్నాడు. చిన్నాయన మొకం చిన్నబోయింది. బయట బల్ల మీద నా పక్కన కూర్చుని అన్నాడు. "నేనే ఆమెకు నోరైపోయినాను పాపా. దుకాణానికి నేనే, బ్యాంకుకు నేనే, చుట్టాలకు నేనే. మేలు చేస్తున్నా అనుకున్నా. వాడక ఆమె నోరు తుప్పు పట్టిందేమో."

ముప్పావు గంట తర్వాత చిన్నమ్మ బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొకం మాత్రం తేలిగ్గా ఉంది. మా ఇద్దరి మధ్య కూర్చుని, ఎదురుగా ఉన్న గోడను చూస్తా అంది, "దీనికొక పేరుందంట. పేరు పెట్టినారంటే, నాకొక్కదానికే కాదన్నమాట. ఇంకా మంది ఉండారన్నమాట." నేను తల ఊపినాను. "వాళ్లంతా యాడుండారో!" అంది. లోకంలో ఎక్కడెక్కడో తలుపుల వెనక నిలబడి ఉన్నవాళ్లందరినీ ఒక్కసారి చూడాలనిపించినట్టుంది ఆమెకు.

మందులు కొన్నాళ్లు వాడింది. డాక్టరు చెప్పిన చిన్న చిన్న పనులు ఒక్కొక్కటి చేసింది. మొదట కూరగాయల బండి దగ్గర "టమోటాలు ఎంత" అని అడగడం. దానికి మూడు వారాలు పట్టింది. అది మాయమంత్రం కాదు. చివరిదాకా నలుగురిలో చెయ్యి వణికింది. గడపలో ఆగి ఊపిరి పీల్చుకుని గాని బయటికి పోలేదు. పోవడం మాత్రం పోయింది.

దినాల రోజు భోజనాలయినాక ఎవరో చుట్టం చిన్నాయనను ఓదారుస్తా అన్నాడు, "నీ ఓపికకు మెచ్చుకోవాలయ్యా. మాటా పలుకూ లేని మనిషితో ఇన్నేళ్లు గడిపినావు." చిన్నాయన ఆ పదకొండు రోజుల్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అప్పుడు తలెత్తినాడు.

"ముప్పై ఏళ్లు నాతో మాట్లాడతానే ఉంది. మీకు వినపడలా."

గొర్రెలక్క వచ్చి చిన్నాయనకు కాస్త దూరంలో నేల మీద కూర్చుంది. ఆమెను ఏమన్నా చెప్పమని ఎవరూ అడగలేదు.

నేను చిన్నమ్మను ఆఖరుసారి చూసింది పోయిన చలికాలంలో. ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా మా ఇంటి తలుపు కొట్టింది. వెనక చిన్నాయన ఉంటాడని చూసినాను. లేడు. "ఒక్కదాన్నే వచ్చినా" అంది. గిద్దలూరు బస్సెక్కి, కండక్టరుకు ఊరి పేరు తనే చెప్పి, టికెట్టు తీసుకుని, మార్కాపురంలో దిగి, ఇల్లు ఎక్కడని అడుగుతా వచ్చిందంట. కొంగంతా తడిసిపోయింది. నవ్వుతా ఉంది. "ముగ్గుర్ని అడిగినా దారి. ఒకాయన తప్పు చెప్పినాడు" అంది, అదేదో గొప్ప విషయమైనట్టు. అన్నం తిని, సాయంత్రం బస్సుకే పోతానని పట్టుపట్టింది. బస్టాండుకు నేనూ పోయినాను.

ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలబోతా ఉంటే పెద్ద మూటతో ఎవరో ఆడమనిషి వచ్చి ఆమె పక్కన కూలబడింది. కూర్చోవడం కూర్చోవడమే ఏదో అడిగింది. చిన్నమ్మ భుజాలు బిగుసుకోవడం నాకు కింద నుంచి కనపడింది. నేను దగ్గరికి పోబోయి ఆగినాను. ఒకటి, రెండు క్షణాలు. తర్వాత ఆమె నా పక్క నుంచి మొకం తిప్పుకుని, ఆ మనిషి వైపు తిరిగింది. బస్సు కదిలింది. అద్దం మీద ఎండ పడి మెరుస్తా ఉంది. ఆ మెరుపు వెనక చిన్నమ్మ పెదవులు కదులుతున్నాయి. ఏం చెబుతా ఉందో నాకు వినపడలేదు. మూటామె మాత్రం తల ఊపుతా, శ్రద్ధగా వింటా ఉంది.